నెత్తురు కడిగించిన పంతులు

మా క్యాంపు పంతులు పోయారు. సెలవు నుంచి తిరిగొచ్చిన మా ఊరి మనిషి మొన్న దుబాయ్‌లో నైఫ్ అనే బజార్లో కనబడి చెప్పాడు. చేతిలోని టీ పక్కన పెట్టేశాను.

ఊళ్లో ఆయన బడిపంతులు. అల్ ఐన్‌లో మా కూలీల క్యాంపుకు వంటమనిషి. పొద్దున లేవగానే పక్క మంచం మనిషిని పలకరించాలనేవారు. చెప్పులు విసిరేస్తే సరిగ్గా పెట్టించేవారు. మేం నవ్వేవాళ్లం.

"పూర్వం చైనల గురువులు ఇట్లనే నేర్పేటోళ్లట. నిలబడుడు, వంగుడు, సావుకాడ మెలుగుడు. ముందు ఒళ్లు నేర్వాలె, మనసు దాని ఎంబడి వస్తది," అనేవారు. ఎక్కడ చదివారో గాని, గట్టిగా నమ్మారు.

డెబ్బయ్యో దశకం చివర్లో ఒక మధ్యాహ్నం పనికాడ క్రేన్ తాడు తెగి ఇనుపకడ్డీల మోపు, మాతోనే పనిచేసే మా అన్న మీద పడింది. తల ఆనవాలు లేదు. చేతులతో ఎత్తి, దుప్పట్లో చుట్టి అంబులెన్స్ ఎక్కించాం. క్యాంపుకు రాగానే ఒకటే మాట, క్రేన్ నడిపిన పఠాన్‌ను చంపాలని. కడ్డీలు పట్టుకుని అతని గది మీదికి పోయాం. పంతులు తలుపుకు అడ్డంగా నిలబడ్డారు.

"జరుగు పంతులూ! ఇయ్యాల వాడు ఖలాస్!" అంటూ ఒకడు కడ్డీ దించాడు. ఆయన కుడిచెయ్యి విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. రెండో దెబ్బకు నుదురు పగిలింది. కదల్లేదు.

"మీ ఒంటి మీద సచ్చినోని నెత్తురుంది. ముందు తానాలు చేయుండ్రి. దీపం పెట్టుండ్రి. అటెంక నన్ను దాటి పోండ్రి." నా వైపు తిరిగారు. "తమ్మునివి నువ్వు. నీళ్లు నువ్వే పొయ్యాలె."

నా గోళ్లలో అన్న నెత్తురు ఎండిపోయి ఉంది. కడ్డీ పడేసి చెంబు అందుకున్నాను. ఒక్కొక్కరే వచ్చి తల వంచారు. నీళ్లు ఎర్రగా ఇసుకలో ఇంకాయి. పంతుల్ని కొట్టినవాడు తల వంచగానే బావురుమన్నాడు.

అప్పుడు తలుపు తెరుచుకుంది. పఠాన్ వచ్చి నా ముందు వంగాడు. "మాఫ్ కరో భాయ్." నా కోపం చల్లారలేదు. కానీ చెయ్యి అప్పటికే వంగింది. అతని తల మీద నీళ్లు పోశాను.

తాడు పాతదని విచారణలో తేలి అతన్ని వదిలేశారు. చెయ్యి ఎలా విరిగిందని పోలీసులడిగితే పంతులు, "జారిపడ్డ" అన్నారు. ఆ చెయ్యి మళ్లీ పనికి రాలేదు. ఊరికి వెళ్లిపోయారు. నేను హంతకుణ్ణి కాకుండా ఈ ఎడారిలో ఇంకా బతుకుతున్నానంటే ఆయన చలవే.

ఆ సాయంత్రం తడి తలలతో అందరం అన్నానికి కూర్చున్నాం, పఠాన్‌తో సహా. ఆసుపత్రికి పోదామంటే పంతులు వినలేదు. కుడిచెయ్యి తువ్వాలుతో మెడకు వేలాడుతోంది. ప్రతి పళ్లెం దగ్గరా వంగి, నుదుటి నెత్తురు భుజానికి తుడుచుకుంటూ, "ఎడమ చేత్తో పెడుతున్న, ఏమనుకోకుండ్రి," అంటూ వడ్డించారు.