స్టిక్కర్ కింద నొక్కు

2006 వేసవి నాటికి మదనపల్లెలో నా దుకాణానికి ఆరేళ్లు నిండాయి. బస్టాండుకు దగ్గర్లో, మెట్లెక్కి వెళ్లే మేడమీది గది. కంప్యూటర్లు అమ్మేవాణ్ణి, బాగుచేసేవాణ్ణి. ల్యాప్‌టాప్ అడిగేవాళ్లు అప్పుడప్పుడే రావడం మొదలైంది. కొత్తది కొనే స్తోమత అందరికీ ఉండేది కాదు. బెంగళూరులో పెద్ద కంపెనీలు రెండు మూడేళ్లు వాడి వదిలేసిన యంత్రాలు గుత్తగా అమ్మకానికి వచ్చేవి. వాటిని తుడిచి, పాడైన భాగాలు మార్చి మళ్లీ అమ్మడాన్ని రీఫర్బిష్డ్ అంటారు. నెలకోసారి బస్సులో వెళ్లి ఐదారు తెచ్చుకునేవాణ్ణి.

నిజాయితీగా చేస్తే అది మంచి వ్యాపారమే. ఆఫీసుల కోసం తయారైన మోడళ్లు గట్టివి. పాతదైనా సరే, చవకరకం కొత్తదానికంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. అయితే బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో, హార్డ్ డిస్క్ ఎంత అరిగిందో చూసి కొనాలి. బ్యాటరీ సంగతి కొన్నవాడికి మొదటి కరెంటు కోతలోనే తెలిసిపోతుంది. డిస్క్ సంగతి మాత్రం అమ్మినవాడికే తెలుసు.

ఆ వేసవిలో పుంగనూరు నుంచి రెడ్డెప్ప అనే ఆయన వచ్చాడు. పట్టుపురుగుల గుడ్లు తయారుచేసే కేంద్రం ఆయనది. దాన్ని గ్రెయినేజీ అంటారు. గుడ్లు పెట్టిన తల్లి సీతాకోకచిలుకలను నూరి, మైక్రోస్కోపు కింద చూస్తారు. పెబ్రిన్ అనే తెగులు కనిపిస్తే ఆ గుడ్ల షీటు నంబరు రాసుకుంటారు. రైతులకు పంపేముందు ఆ నంబర్ల షీట్లను ఏరి కాల్చేస్తారు. ఒక్కటి తప్పిపోయి రైతు ఇంటికి చేరినా పురుగులన్నీ చస్తాయి. ఆ నంబర్లు రాసే మనిషిని కూడా వెంటబెట్టుకొచ్చాడు. కరుణమ్మ అని, ముప్పై ఏళ్లుంటాయి. మిషన్ స్కూల్లో చదివింది. ఏడేళ్లుగా ఆ పుస్తకాలు ఆమె చేతి మీదే నడుస్తున్నాయి.

"కుప్పం పక్క ఇంకో సెంటరు తెరస్తాండానప్పా. దానికి ఈయమ్మే ఇన్‌ఛార్జి. ముందు పుంగనూర్లోనే మొదలు. ఇంక పుస్తకాలొద్దు, అంతా కంప్యూటర్‌లోనే. కరెంటు పోయినా ఆగకుండా ఉండల్ల" అన్నాడు రెడ్డెప్ప.

కొత్తది చూపించాను. ధర విని నవ్వాడు. "ఆ దుడ్డుకు మా ఊర్లో జత ఎద్దులొస్తాయి. అవైతే పేడన్నా ఏస్తాయి."

రీఫర్బిష్డ్ యంత్రం ఒకటి తీశాను. 256 ఎంబీ మెమరీని 512 చేసి ఇస్తానని, బ్యాటరీ కొత్తది వేస్తానని చెప్పాను. రెండూ చేశాను కూడా. కరుణమ్మ మూత తెరిచి కీబోర్డు మీద మెల్లగా వేళ్లు ఆడించి అడిగింది.

"అన్నా, లోపల డిస్క్ కూడా పాతదేనా?"

"పాతదేనమ్మా. అంతా చెక్ చేసినాను. ఏం భయం లేదు."

"దినామూ ఒక కాపీ సీడీలో ఏసి పెట్టుకుంటే మేలు గదా? మా పుస్తకాలకైతే రెండో ప్రతి ఉండాది."

ఆ యంత్రంలో సీడీ చదివే డ్రైవ్ ఉంది కానీ రాసేది లేదు. మార్చాలంటే ధర పెరుగుతుంది. రెడ్డెప్ప అప్పటికే గడియారం చూసుకుంటున్నాడు. బేరం చెడుతుందేమోనని, "కంపెనీల మిషన్ అమ్మా ఇది. కాపీలు అక్కర్లేదు" అన్నాను. ఆమె మూత మూసింది.

ఆ డిస్క్‌ను నేను చెక్ చేసిన మాట నిజం. చివరి భాగంలో బ్యాడ్ సెక్టర్లు కనిపించాయి. అంటే డిస్క్‌లో రాత నిలవని చోట్లు. అవి కనిపిస్తే డిస్క్ మార్చాలి. నేను ఆ చివరి భాగాన్ని పార్టిషన్‌లో, అంటే వాడుకకు వచ్చే భాగంలో, చేర్చకుండా వదిలేసి, మిగతా దానిలో విండోస్ ఎక్కించాను. చీడ పట్టిన కొమ్మకు గుడ్డ చుట్టినట్టు. చీడ పాకుతుందని నాకు తెలుసు. యంత్రం అడుగున ఒక మూల నొక్కుకుపోయి ఉంది. దాని మీద మా దుకాణం పేరున్న వారంటీ స్టిక్కర్ అంటించాను. నొక్కు ఎక్కడుంటే స్టిక్కర్ అక్కడ అంటించడం మా అందరికీ అలవాటే. అందులో తప్పుందని నాకు తోచలేదు.

నాలుగు నెలల తర్వాత, ఒక వానరోజు పొద్దున, ఇద్దరూ మళ్లీ వచ్చారు. కరుణమ్మ ల్యాప్‌టాప్‌ను టవలులో చుట్టి, పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని మెట్లెక్కింది. స్విచ్ వేశాను. తెర నల్లగానే ఉంది. లోపల టక్, టక్ అని శబ్దం. ఆ శబ్దం వింటే మా వృత్తిలో ఎవరికైనా డిస్క్ పోయిందని అర్థమవుతుంది.

"దీంట్లో ఈ తడవ పరీక్షలన్నీ ఉండాయన్నా. ఏ షీటు మంచిదో ఏది కాల్చల్లనో దీంట్లోనే ఉండాది. రైతులు ఎల్లుండి వస్తారు" అంది కరుణమ్మ. గొంతు నిదానంగానే ఉంది. చేతులు మాత్రం టవలును మడిచి విప్పి మళ్లీ మడుస్తున్నాయి.

"యాల పోయిందప్పా? నాలుగు నెలలే గదా అయింది" అన్నాడు రెడ్డెప్ప.

నాకు రెండు దారులున్నాయి. డిస్క్ ముందే చెడిందని ఒప్పుకోవడం ఒకటి. బెంగళూరులో చెడిన డిస్క్‌లోంచి సమాచారం బయటికి తీసేవాళ్లున్నారు, వాళ్లకు పంపడం రెండోది. పంపితే నేను వదిలేసిన భాగం వాళ్ల కంటబడుతుంది. ఆ మాటే ఎత్తలేదు. యంత్రాన్ని తిరగేసి, నా స్టిక్కర్‌ను గోటితో లేపి, కింద ఉన్న నొక్కు చూపించాను.

"సూడన్నా ఈ మూల. యాడో పడింది. దెబ్బ డిస్క్‌కు తగిలింది."

కరుణమ్మ వంగి చూసింది. "నేను యాడా జారిడ్సలేదన్నా."

"నువ్వు చూసుకోకుండా బస్సులోనో, టేబుల్ మీదనో..."

"దీన్ని కేంద్రం దాటి తీసుకొచ్చింది ఈ పొద్దే" అని ఆమె ఆగి, నా చేతిలోని స్టిక్కర్ వైపు చూసింది. "పడింటే పైనున్న స్టిక్కర్ సిరగల్ల గదా. అది బాగుండాది, కింద నొక్కుండాది. ఎట్లన్నా?"

స్టిక్కర్‌ను వేళ్ల మధ్య సాగదీసి చూపించాను. "స్టిక్కర్ సాగుతుందమ్మా. ప్లాస్టిక్ సాగదు. నేను దినామూ చూసే పని ఇది."

రెడ్డెప్ప ఆమె వైపు తిరిగాడు. "ఆయప్పకు తెలీదా, నీకు తెలుసా?"

ఆమె నన్నే చూస్తూ ఉండిపోయింది. కోపంతో కాదు. నేను ఇంకేదో చెబుతానని ఎదురుచూస్తున్నట్టుగా. నేను స్క్రూడ్రైవర్లు సర్దుకోవడం మొదలుపెట్టాను.

తర్వాత జరిగింది రెడ్డెప్ప నోటే విన్నాను. ఏ షీటు మంచిదో తేలక ఆ తడవ గుడ్లన్నీ కాల్చేశారు. తంబళ్లపల్లె పక్క నుంచి రైతులు వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. మల్బరీ ఆకు కోతకొచ్చి ఉంది, మేపడానికి పురుగు లేదు. కరుణమ్మను పనిలోంచి తీసేశారు. కుప్పం సెంటరు ఇంకొకరికి ఇచ్చారు. ఇదంతా చెప్పి, రెడ్డెప్ప నా దగ్గరే కొత్త ల్యాప్‌టాప్ కొన్నాడు. "నువ్వు ఉన్నది ఉన్నట్టు సెప్పేవాడివప్పా, అందుకే నీకాడికే వస్తి" అన్నాడు. దానికి సీడీ రాసే డ్రైవ్ వేసి ఇచ్చాను. రోజూ కాపీ తీసుకొమ్మని చెప్పాను.

2009లో ఒక ఆఫీసు కంప్యూటర్లు చూడటానికి కుప్పం వెళ్లాను. పని ముగించి, టవలు కొందామని బట్టల కొట్లోకి వెళితే కరుణమ్మ కౌంటర్ వెనక చీరలు మడుస్తోంది. ఇద్దరం గుర్తుపట్టాం. బిల్లులు కంప్యూటర్‌లో కొడుతున్నది వేరే అమ్మాయి.

"ఆ పని మీకు ఇచ్చి ఉండొచ్చు గదమ్మా" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"అడిగినానన్నా. పుంగనూర్లో మిషన్ పడేసింది నువ్వే గదా అనిరి" అంది. చీర అంచు చూసుకుంటూ మడుస్తోంది.

అప్పుడు చెప్పాను. డిస్క్ సంగతి, వదిలేసిన భాగం సంగతి, స్టిక్కర్ సంగతి. మూడేళ్లుగా నన్ను తినేస్తోందని కూడా అన్నాను. ఆమె మడిచిన చీరను దొంతర మీద పెట్టి, ఇంకొకటి తీసుకుంది.

"నేను జారిడ్సలేదని నాకు ముందే తెలుసు గదన్నా. నాకు సెప్పి ఏం లాభం? తెలీనోళ్లకు సెప్పండి."

ఇంతలో ఎవరో వచ్చి లంగా గుడ్డ అడిగారు. ఆమె అటు వెళ్లింది. నేను టవలు కొనకుండానే బయటికొచ్చాను.

ఆ వారమే పుంగనూరు వెళ్లాను. అప్పటికి గ్రెయినేజీ మూతపడింది. రెడ్డెప్ప వాకిట్లో మంచం మీద కూర్చుని అంతా విన్నాడు. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"ఆ పొద్దు రైతులు గేటుకాడ ఉండారు. ఎవురో ఒకరి పేరు సెప్పల్ల. నువ్విచ్చిన పేరే సెప్తి" అన్నాడు. "వాళ్లనందర్నీ ఇప్పుడు యాడికని పిలిచేదప్పా" అన్నాడు. కుప్పం కొట్టు యజమానికి ఒక మాట చెప్పమని అడిగాను. చూద్దామన్నాడు. చెప్పాడో లేదో నాకు తెలియదు. ఆరునెలలకు నేను మళ్లీ వెళ్లేసరికి ఆ కొట్లో కరుణమ్మ లేదు. ఎక్కడికెళ్లిందో అక్కడ ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత అమ్మిన ప్రతి పాత యంత్రానికీ డిస్క్ పరీక్ష ఫలితాన్ని బిల్లు మీద రాసిచ్చాను. నొక్కులున్న చోట వేలు పెట్టి చూపించాను. కొందరు కొనకుండా వెళ్లిపోయారు. ఇవి ఎవరైనా నేర్చుకోగల పద్ధతులే. ఆ ల్యాప్‌టాప్ నాకు నేర్పింది వేరు. యంత్రం లోపల ఏముందో చూడగలిగేవాడు ఒక్కడే ఉన్నప్పుడు, తప్పు ఎవరిదో అతను చెప్పిందే తీర్పు. ఎదుటి మనిషి ఎంత సరైన ప్రశ్న అడిగినా ఎవరూ వినరు. ఆ రోజు నా గదిలో సరిగ్గా చూసింది కరుణమ్మ ఒక్కతే.

పుంగనూరులో, కుప్పంలో, తంబళ్లపల్లె పక్క ఊళ్లలో ఆ సంగతి విన్నవాళ్లు ఇంకా ఉంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ఆ ల్యాప్‌టాప్ ఆమె చేతిలోంచి పడలేదు. చెడిపోయినదాన్నే నేను ఆమె చేతిలో పెట్టాను.