అవుట్‌బాక్స్‌లో ఉండిపోయిన ఉత్తరం

ఇరవై ఏళ్లుగా ఒక మాటను మింగలేక కక్కలేక మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. దేవుడి ముందు కూర్చున్నా, ఆ మాట దగ్గరకొచ్చేసరికి దణ్ణం ముగించి లేచిపోతుంటాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెబుతున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో తూంకుంటలో మాకు ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. మావారికి మేడ్చల్ వైపు మందుల కంపెనీలో ఉద్యోగం. గోదావరి జిల్లా నుంచి వచ్చి కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాం. ముందు గదిలో మూడు కంప్యూటర్లు పెట్టి నేనే నడిపేదాన్ని. వచ్చేవాళ్లలో సగం మందికి టైపు రాదు. వాళ్లు చెబుతుంటే నేను కొట్టి పంపేదాన్ని. "మేడం పంపితే పోయినట్టే" అనేవాళ్లు. ఆ మాట వింటే నాకు ఎంత గర్వంగా ఉండేదో. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

ఇక్కడ కంప్యూటర్ సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. మామూలుగా నేను మెయిల్ వెబ్‌సైట్‌లోంచే ఉత్తరాలు పంపేదాన్ని. అవన్నీ చేరేవి. కానీ కొన్ని వెబ్‌సైట్లలో "మాకు రాయండి" అని నీలం అక్షరాలు ఉండేవి. వాటిని నొక్కితే బ్రౌజర్ తానుగా ఉత్తరం పంపదు. అది తన పని కాదని, ఉత్తరాల కోసం కంప్యూటర్‌లో విడిగా ఉన్న ప్రోగ్రామ్‌ను పిలిచి, అడ్రసు దాని చేతిలో పెట్టి తప్పుకుంటుంది. ఆ ప్రోగ్రామ్ మీ పేరేమిటి, మీ మెయిల్ ఏది, ఏ దారిన పంపాలి అని వరసగా అడిగేది. పదిమంది వాడే కంప్యూటర్ తరఫున ఏం జవాబు చెబుతాం? వచ్చినవాళ్లు మాటిమాటికీ "మేడం, ఇదేందో అడుగుతాంది" అని పిలిచేవాళ్లు.

విసుగొచ్చి ఒకరోజు మూడింటిలోనూ చేతికొచ్చిన పేరు, ఎక్కడా లేని అడ్రసు కొట్టేశాను. పంపి చూస్తే కుదరలేదని ఒక పెట్టె వచ్చింది. "వెంటనే పంపు" అన్నచోట ఉన్న టిక్కు తీసేశాను. ఈసారి "ఉత్తరం ఇంకా వెళ్లలేదు, అవుట్‌బాక్స్‌లో ఉంది" అని ఇంకో పెట్టె వచ్చింది. దీన్ని ఇక చూపించవద్దు అన్నచోట నొక్కాను. ఆ తర్వాత అడ్డూ ఆపూ లేదు. సెండ్ నొక్కితే ఉత్తరం కళ్లముందు నుంచి మాయమయ్యేది. వెళ్లిందనే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? ఆ పెట్టెలో ఏముందో చదివాను కదా. చదివి, తర్వాత చూద్దాంలే అనుకున్నాను. నలుగురు కూర్చుని ఉన్నారు, పని జరగాలి, అంతే నా ఆలోచన.

సువర్ణ అలియాబాద్ నుంచి వచ్చేది. ఇంట్లో జాకెట్లు కుట్టేది. భర్త కోళ్ల ఫారంలో పనిచేసేవాడు. వాళ్ల పాప నవ్యకు పుట్టుకతోనే వినపడదు. చెవి లోపల యంత్రం అమర్చే ఆపరేషన్ ఉందని, ఒక ట్రస్టు ఉచితంగా చేయిస్తుందని సిటీలో డాక్టరు చెప్పి, వెబ్‌సైట్ పేరు చీటీ మీద రాసిచ్చాడట. ఐదేళ్లు నిండకముందే చేయాలి. పేర్లు దసరాలోగా అందాలి. మేము రాసింది బోనాల రోజుల్లో. పాపకు దీపావళికి ఐదు నిండుతాయి. చాలినంత సమయం ఉంది.

సువర్ణ ఒక్కో మాట ఆలోచించుకుని చెప్పింది, నేను ఇంగ్లీషులో కొట్టాను. తలుపు దబ్బున పడ్డా పాప తిరగదని, కానీ తను కుట్టు మిషను తొక్కుతుంటే బల్లకు చెంప ఆనించి నవ్వుతుందని, అది కూడా రాయమంది. జవాబు కోసం మా సెంటర్ మెయిల్ ఇచ్చాను. పంపేముందు ఆమె తెరకు వేళ్లు ఆనించి కళ్లకద్దుకుంది. నేను సెండ్ నొక్కాను. "పోయిందా అక్కా?" అంది. పోయిందమ్మా అన్నాను.

తర్వాత వారం వారం వచ్చేది. పాపను చంకనేసుకుని గడప దగ్గర నిలబడి, నా ముఖం చూసి వెళ్లిపోయేది. మళ్లీ ఒకసారి పంపుదామా అని నాకు ఎందుకు తోచలేదు? తోచే ఉంటుంది. మళ్లీ పంపడమంటే మొదటిసారి నేను చెప్పిన మాట మీద నాకే నమ్మకం లేదని ఒప్పుకున్నట్టవుతుంది. దసరా వెళ్లిపోయింది. దీపావళీ వెళ్లిపోయింది.

డిసెంబరులో ఒక కంప్యూటర్ మొరాయిస్తే బాగుచేసే మనిషిని పిలిచాను. అంతా తుడిచేసే ముందు అతను అడిగాడు: "మేడం, గీ ఉత్తరాలు ఉంచాల్నా, తీసెయ్యాల్నా? నలభై దాకా ఉన్నయ్, ఒక్కటి కూడా పోలే." నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఉద్యోగాల దరఖాస్తులు, కాలేజీలకు ప్రశ్నలు. వాటి మధ్య కుట్టు మిషను, పాప చెంప.

ఆ సాయంత్రమే దాన్ని నా సొంత మెయిల్‌లోంచి పంపాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. నాలుగో రోజున జవాబు వచ్చింది. పాపకు ఐదు నిండాయి కాబట్టి ఆపరేషన్ తమ పథకంలో కుదరదన్నారు. అంతటితో ఆగి ఉంటే నేను ఇది రాసేదాన్ని కాదేమో. కింద ఇంకో రెండు వాక్యాలు ఉన్నాయి. నెలాఖరులోగా పాపను తీసుకొస్తే పరీక్షచేసి చెవి మిషను ఇస్తామని, మాట్లాడటం నేర్పిస్తామని, ఆలస్యమయ్యేకొద్దీ కష్టమవుతుందని.

ఆ మాట చెప్పాలంటే ఉత్తరం ఎందుకు ఆలస్యమైందో చెప్పాలి. అది చెబితే మిగతా ఉత్తరాలవాళ్లంతా వస్తారు. మేడం పంపితే పోయినట్టే అన్న నోళ్లే ఏమంటాయో అని, పరాయి ఊరి నుంచి వచ్చి సంపాదించుకున్న కాస్త మర్యాద మట్టిలో కలుస్తుందని, రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని, ఒక పసిదాని బతుకును ఒక పక్కా నా పరువును ఇంకో పక్కా పెట్టుకుని నేను చేసిన ఆలోచన అది. ఏది బరువనిపించిందో చూడండి.

ఆ మంగళవారం సువర్ణ వచ్చింది.

"ఏమన్న తెలిసిందా అక్కా?"

"లిస్టులో పేరు రాలేదమ్మా."

సువర్ణ పాప తలమీద చెయ్యి వేసి నిమిరింది.

"ఇంకేం జెప్పలేదా? వేరేది ఏమన్న ఉంటదని గిట్ల?"

"లేదు."

"పోనీ తియ్యక్కా. మాకు రాసిపెట్టి లేదు. నువ్వైతే మస్తు కష్టపడ్డవ్."

ఆమె మెట్లు దిగాక ఆ జవాబును చెరిపేశాను. నెలాఖరుకు ఇంకా పన్నెండు రోజులు ఉన్నాయి. మరుసటి వారం ఒక జాకెట్టు కుట్టి తెచ్చింది, ఊరికే ఉంచుకో అక్కా అని. నేను కొలతలు ఇవ్వలేదు. చూసే కుట్టిందట. సరిగ్గా సరిపోయింది.

తిలాపాపం తలా పిడికెడు అని పంచడానికి కూడా చూశాను. బ్రౌజర్ ఎందుకు వేరేదాని చేతిలో పెట్టాలి, ట్రస్టువాళ్లు ఆ లింకు ఎందుకు పెట్టాలి, డాక్టరు ఫోన్ నంబరు ఎందుకు ఇవ్వలేదు. ఎంత పంచినా నా పిడికెడు తగ్గలేదు. బ్రౌజర్ అడ్రసు అందించింది. ప్రోగ్రామ్ ఉత్తరం వెళ్లలేదని చెప్పింది. నిజం చెప్పనిది నేనొక్కదాన్నే.

ఆరేడేళ్ల తర్వాత, సెంటర్ మూసేశాక, శామీర్‌పేట బస్టాప్‌లో వాళ్లిద్దరూ కనిపించారు. పిల్ల నా భుజం దాకా ఎదిగింది. వెనకనుంచి లారీ హారన్ కొడుతూ వస్తోంది. పిల్ల కదలలేదు. సువర్ణ జబ్బ పట్టి లాగింది. ఎంత అలవాటైన పనో, మాట ఆపకుండానే లాగింది. తర్వాత నన్ను చూపించి, అరచేతిలో రాస్తున్నట్టు సైగ చేసి, పిల్ల చెవి తాకింది. నీ చెవుల కోసం ఉత్తరం రాసింది ఈమే అని. పిల్ల నాకు నవ్వుతూ రెండు చేతులూ జోడించింది. నేనూ జోడించాను. నా బస్సు కాని బస్సు ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను.

ఆమె ఇప్పటికీ అలియాబాద్‌లోనే ఉంది. వెళ్లి చెప్పొచ్చు. ఇన్నేళ్ల తర్వాత చెబితే ఆమె గుండె పగలడం తప్ప ఏం లాభం అని నాకు నేను చెప్పుకుంటాను. అది కూడా నా కోసం చెప్పుకునేదే. క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ హక్కు మీది కాదు, ఇచ్చినా నేను పుచ్చుకోను.

ఉత్తరం పోలేదు. జవాబు వచ్చింది. నేను సువర్ణకు చెప్పలేదు. ఈ మూడు ముక్కలు రాయడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. రాశాక ఏడుపొచ్చింది. ఈసారి దాచుకోలేదు.