రాళ్ళు దించితే నాయన ఎక్కినాడు

నెలరోజులుగా మా పికప్పు బండి పెట్రోలు తాగే తాగుడు చూసి నాకు నిద్ర పట్టడం లేదు. కార్బురేటరు కడిగించాను, టైర్లకు గాలి పట్టించాను, లాభం లేదు. "బరువు తగ్గించండి సార్" అన్నాడు చూలై పేటలోని మెకానిక్కు. ఏ బరువో ఈ పొద్దు తెల్లారి తట్టింది. సరుకుతో పాటు మా చింతపండు మండీ ఇనుప తూకపురాళ్ళన్నీ బండిలోనే తిరుగుతాయి. కొనేవాళ్ళ రాళ్ళను మా నాయన నమ్మడు. చిన్నప్పటి నుంచి చూస్తున్నవి కదా, అవీ బరువేనని నాకు తోచనే లేదు.

వెంటనే దించేయించాను. నాయన వచ్చి, "రాళ్ళేడరా?" అన్నాడు.

"పెట్రోలు కోసరం దించేసినా నాయనా. ఈ పొద్దు సరుకు కొనే ఎన్నూరోళ్ళ రాళ్ళతోనే తూయనీ."

"వాళ్ళ రాళ్ళు సరిగ్గా ఉండాయో లేదో ఎవురు చూసేది? నువ్వా?" అంటూ పంచె ఎగ్గట్టి బండెక్కి, రాళ్ళు ఉండిన మూలనే కూర్చున్నాడు. డ్రైవరు పక్కన కూర్చోమన్నా వినలేదు.

లారీలు తిరిగే దారి, డెబ్బై ఏళ్ళ మనిషి. పొద్దంతా నాకు కాలు నిలవలేదు. గిరాకీతో మాట్లాడుతూనే వీధిలోకి తొంగి చూస్తూ ఉన్నాను. సాయంత్రం ఒళ్ళంతా దుమ్ముతో దిగినాడు.

"ఎన్నూరోళ్ళ రాళ్ళు సరిగ్గానే ఉండాయిరా" అన్నాడు, ఏదో పోగొట్టుకున్నోడి మాదిరి. ఇంక నమ్మకం కుదిరిందని ఊపిరి పీల్చుకున్నాను.

"రేపు చింతాద్రిపేటోళ్ళవి చూడాల."

రాళ్ళన్నీ మళ్ళీ బండిలోకి ఎక్కించేశాను. నాయన కన్నా అవే తేలిక. మీరైతే ఎవర్ని దించుతారో చెప్పండి.