చుక్కలు చూపించే బావగారు

బావగారికి ఒకటే జబ్బు. కాగితం మీద ఎక్కడైనా నక్షత్రంలాంటి చుక్క గుర్తు కనిపిస్తే, అడుగున దాని తాలూకు వివరణ దొరికేదాకా ఆయన కదలరు. ముప్పై ఆరేళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి. ఒకసారి సబ్బు పెట్టె మీద ‘మెరిసే చర్మం’ అన్న మాట పక్కన చుక్క ఉందని, స్నానం మధ్యలో తువ్వాలు చుట్టుకుని, భూతద్దం కోసం చుట్టాలందరూ కూర్చున్న హాల్లోకి వచ్చేశారు.

ఈ జబ్బును అందరికంటే ఎక్కువగా వెక్కిరించింది ఆయన బావమరిది, రిటైరైన లెక్కల మాస్టారు. మాస్టారికీ ఒక జబ్బుంది, తనకు తెలియనిది లేదనుకోవడం. ఇప్పుడాయన తనను తానే వెక్కిరించుకుంటూ ఈ కథ కనపడినవాళ్లందరికీ చెబుతున్నారు కాబట్టి మనమూ మొహమాటపడనక్కర్లేదు.

సంగతేమిటంటే, పింఛనుదారులు మందుల బీమా ఎంచుకోవాల్సిన గడువొచ్చింది. మూడు పథకాలు. ఒకదానిలో నెలనెలా కట్టేది తక్కువ, మందు కొన్నప్పుడు మన వాటా ఎక్కువ. రెండోది దానికి సరిగ్గా తలకిందులు. మూడోదానిలో రెండూ మధ్యరకమే, కానీ వాళ్లు చెప్పిన దుకాణంలోనే కొనాలి. దేంట్లో చేరినా ఏడాదిదాకా మారడానికి లేదు. రెండు తరాల పిల్లలకు సమీకరణాలు నూరిపోసిన మాస్టారు ఆ పథకాల వివరాలున్న అరవై పేజీల పుస్తకం తెరిచి, నాలుగో పేజీలో కునుకు తీసి, లేచి, మొదటి పథకమే మంచిదని తేల్చేశారు. దాని పక్కన బొమ్మలో ముసలి దంపతులు నవ్వుతున్నారు, పళ్లు బాగున్నాయి. అంతకుమించి ఆయన దగ్గర కారణం లేదు.

బావగారు మాత్రం మూడు వారాలు ఆ పుస్తకాన్ని వదల్లేదు. మాస్టారి అక్కయ్య వడ్డించి పిలిస్తే ఈ పేజీ అయ్యాక వస్తాననేవారు. మాస్టారు వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒక ప్రశ్న. పొద్దున వేసుకునే మాత్ర పేరు చివర ‘న్’ ఉందా, ‘ల్’ ఉందా? ఎన్ని మిల్లీగ్రాములు? నిరుడు ఏ మాత్ర వేసుకుంటే కళ్లు తిరిగి స్నానాల గదిలో పడ్డావు? మాస్టారు విసుక్కుంటూ చెప్పి, ఇంటికొచ్చి, బావగారికి ఊళ్లోవాళ్ల రోగాలన్నీ కావాలని భార్యతో చెప్పి నవ్వేవారు.

చివరి రోజున ఇద్దరూ కలిసి పింఛను ఆఫీసుకు వెళ్లారు. మాస్టారు మొదటి పథకం ఫారం మీద సంతకానికి కలం మూత తీశారు. బావగారు ఆ చేతిని పక్కకు జరిపి, కౌంటర్లో ఉన్న అమ్మాయి ముందు పుస్తకం పెట్టారు.

“నలభై ఒకటో పేజీలో ఈ మందు పక్కన చుక్క ఉందమ్మా. కింద వివరణ లేదు.”

వెనక వరుసలో పదిహేను మంది గొణుక్కుంటున్నారు. మాస్టారికి తల కొట్టేసినట్టయింది. ఆయనెవరో తనకు తెలియనట్టు గోడ మీది గడియారం చూస్తూ నిలబడ్డారు. అచ్చుతప్పయి ఉంటుందిలెండి అంది ఆ అమ్మాయి. ఆ మాట ఎవరితో అనకూడదో సరిగ్గా ఆయనతోనే అంది.

“తప్పు చుక్కదా, వివరణదా? ఏదో ఒకటి తేల్చండమ్మా. నేనిక్కడే కూర్చుంటాను.”

కూర్చున్నారు కూడా. చుక్కలు చూపించడమంటే ఏమిటో ఆ అమ్మాయికి ఆ పూట తెలిసొచ్చింది. లోపలికి వెళ్లి, పెద్దాఫీసుకు ఫోన్ చేసి, అసలు ప్రతి తెప్పించి చూసింది. వివరణ అచ్చులో ఎగిరిపోయిందట. బయటికొచ్చి చదివి వినిపించింది. మొదటి పథకంలో చేరినవాళ్లు ముందు మూడు నెలలు ఫలానా చవక మాత్ర వాడి చూడాలి, అది పనిచేయకపోతేనే ఈ మందుకు బీమా ఇస్తారు.

ఆ మాత్ర పేరు వినేసరికి మాస్టారు గడియారం మీంచి చూపు తిప్పారు. నిరుడు ఆయన్ని పడేసింది అదే. చుక్క పడ్డ మందేమో రోజూ పొద్దున వేసుకునే గుండె మాత్ర. సంతకం పెట్టేసి ఉంటే మళ్లీ మూడు నెలలు గోడలు పట్టుకుని నడవాల్సింది, ఈసారి పడితే లేచేవారో లేదో. భయం వేసింది, ఆ వెనకే సిగ్గూ వేసింది.

రెండో పథకంలో ఆ మందుకు ఏ చుక్కా లేదని బావగారు అప్పటికే చూసి పెట్టుకున్నారు. ఆయన సొంత ఫారం తీసుకున్న అమ్మాయి, మందుల గడి ఖాళీగా వదిలేశారేమిటని అడిగింది.

“నేనే మందులూ వాడనమ్మా,” అన్నారు బావగారు, గొంతు బాగా తగ్గించి.

మాస్టారికి వినపడనే వినపడింది. “మరి మూడు వారాలు ఎందుకు చదివారు బావగారూ?”

“నీ కోసం చదువుతానంటే ఒప్పుకునేవాడివా? అన్నీ తెలిసినవాడివాయె.”

ముప్పై ఏళ్లు ఎవరు ఏమడిగినా జవాబు చెప్పిన మాస్టారు పుస్తకాన్ని రెండో పథకం దగ్గర తెరిచి బావగారి ముందుకు జరిపి, పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

“చదవండి. అర్థం కానిచోట అడుగుతాను.”

బావగారు కళ్లజోడు సర్దుకుని మహా సంతోషంగా మొదటి చుక్క దగ్గర మొదలుపెట్టారు. వరుసలో వెనకున్న పెద్దాయన కాస్త గట్టిగా చదవమని అడిగి, తన కుర్చీ కూడా దగ్గరికి జరుపుకున్నాడు.