ఊదిచూడని గొట్టాలు

రజాక్ ఉస్తాద్ ఖమ్మంలో నలభై ఏళ్లుగా హార్మోనియాలు బాగుచేస్తున్నాడు. మెట్టు సరిగా పలకకపోతే పెట్టెకు గడ్డం ఆనించి వింటాడు. "చెవి మోసం జేస్తది, ఎముక జెయ్యది" అంటాడు. అందులో నిజమెంతో నాకు తెలియదు గానీ, ఆయన పనికి వంక పెట్టినవాళ్లను మాత్రం నేను చూడలేదు.

అలాంటి మనిషిని భద్రాచలం దారిలో, అడవి అంచునున్న మా చర్చికి రప్పించాం. దొరల కాలం నాటి పైపు ఆర్గాన్, తిత్తుల గాలితో గొట్టాలు పలికే పెద్ద వాద్యం, ఇరవై ఏళ్లుగా మూగబోయి ఉంది. వచ్చే ఆదివారం ఆరాధనలో మోగకపోతే విప్పి అమ్మేస్తామని కమిటీ తేల్చి చెప్పింది. వాయించాల్సింది నేను, బడిలో పాటలు నేర్పే పద్మప్రియను. అది పలకగా నేనెప్పుడూ వినలేదు.

ఉస్తాద్ వారం రోజులు తిత్తులకు మేకతోలు అతికించాడు, తగరం గొట్టాలు దించి తుడిచాడు. వాటి మధ్య ఎనిమిది వెదురు గొట్టాలు కనబడేసరికి కోపం నషాళానికి అంటింది. "ఎవడు జేసిండీ పని? బాజాల బొంగులేంది?" అని ఒక్కటీ ఊదిచూడకుండా బయట పడేశాడు. వాటి బదులు ఇత్తడివి చేయించి బిగించాడు.

శనివారం తిత్తుల్లో గాలి నిండింది. నేను మెట్లు నొక్కితే తగరం గొట్టాలు నిండుగా పలికాయి. నా ఒళ్లు జలదరించింది. ఇత్తడివి మాత్రం కీచుమన్నాయి. ఉస్తాద్ గడ్డం ఆనించి విన్నాడు. ముఖం నల్లబడింది.

"కొండమ్మా, ఆ బొంగులేవీ? కొలతలు జూడాలె."

చర్చి ఊడ్చే ముసలి కొండమ్మ చీపురు దించకుండానే చెప్పింది. "పొయిల వెట్టిన."

"కాలవెట్టినవా!"

"నువ్వే గద ఉస్తాదూ, పనికిరావంటివి! పాతయి పాడైతే మా అయ్య పగిడయ్య కోసి ఇచ్చిండు. గంత పెద్ద పనోడివి జెప్తే నమ్మిన. ఏడు కాలినయ్. ఎనిమిదోదాంతోని పొయ్యి ఊదబోతే పాడింది. గదొక్కటి దాసిన."

ఉస్తాద్ స్టూలు మీద కూలబడ్డాడు. ఆయన మీద నాకు ఒళ్లు మండింది, నా మీద అంతకన్నా ఎక్కువ మండింది. పడేస్తుంటే చూస్తూ నిలబడ్డదాన్ని నేనే కదా.

ఆదివారం పొద్దున ఉస్తాద్ తన ఇత్తడి గొట్టాలన్నీ తనే పీకేసి, ఆ ఒక్క వెదురును దాని చోట నిలబెట్టాడు. ఆరాధనలో నేను వాయించిన పాటలో ఏడు మెట్ల దగ్గర ఉత్త గాలే వచ్చింది. కమిటీ పెద్దలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అప్పుడు వెదురు పలికింది. ఎంత మెత్తగా పలికిందో! పక్కనున్న తగరంతో కలిసిపోయింది. ఊడ్చే పనికి తప్ప లోపల అడుగుపెట్టని కొండమ్మ, గుమ్మంలోంచి లేచి నడిచొచ్చింది.

"గది మా అయ్యదే," అంది, అందరికీ వినబడేలా.

నా చేతులు ఆగిపోయాయి. ఉస్తాద్ స్టూలు మీంచి లేచాడు. "వెదురు నువ్వు ఏరు కొండమ్మా. దీని జూసుకుంట మిగిలిన ఏడూ నేను కోస్త."

అమ్మకం మాట ఆ పూట ఎవరూ ఎత్తలేదు. ఉస్తాద్ తన స్టూలు కొండమ్మకు వేసి, తాను నేల మీద కూర్చున్నాడు.