శరణమ్మ కలిపిన చుట్టరికాలు

జహీరాబాదులో బొంబాయి రోడ్డు మీద, లారీ టైర్లకు పంక్చర్లు వేసే దుకాణాన్ని ఆనుకొని, డెబ్బయ్యో దశకంలో జగన్‌మోహన్ డాక్టరు దవాఖాన ఉండేది. దానికో కిటికీ. వచ్చినవాళ్లు ముందు కిటికీ దగ్గర పేరు, ఊరు, జబ్బు చెప్పుకోవాలి. పిలిచినప్పుడే లోపలికి పోవాలి. అరకు మందు కావలసినవాళ్లు ఇంటి నుంచి సీసా తెచ్చుకోవాలి. ఇంతే కదా అనుకుంటాం. కానీ ఈ మాత్రం చెప్పినందుకే ఆ కిటికీ లోపల ఏ మనిషీ నిలిచేవాడు కాదు.

సీసా మరిచి వచ్చినవాడు తిట్టేవాడు. సూది పొడవకుండా గోళీలిచ్చి పంపితే ఇంకొకడు, "సూదెయ్యకుంటే ఇది దవాఖాననా, కిరాణ దుకాణమా" అని రోడ్డంతా వినపడేటట్టు అరిచేవాడు. కాన్పు మనిషి వెంట బండెడు చుట్టాలు వచ్చేవాళ్లు. ఒక్కరే లోపలికి రండి అంటే, బండెడు మందీ ఒక్కసారే తిట్లు అందుకునేవాళ్లు. డాక్టరు ముందు మాత్రం అందరికీ చేతులు కట్టుకోవడం తెలుసు. ఆయన దేవుడు. పూజ ఆయనకు, తిట్లు కిటికీకి. ఒక కంపౌండరు చెప్పాపెట్టకుండా పోయాడు. తర్వాత వచ్చిన నర్సమ్మ ఏడ్చుకుంటూ సంగారెడ్డి బస్సెక్కింది.

ఆ కిటికీలో కూర్చోవడానికి వచ్చింది న్యాల్‌కల్ ఆడపడుచు శరణమ్మ.

శరణమ్మ అంటే మాటలు కాదు. న్యాల్‌కల్ బడిలో ఏడో తరగతి గట్టెక్కిన ఆడపిల్లల్లో మొదటిది. ఇరవయ్యో ఎక్కం ముందు నుంచీ చెప్పగలదు, వెనక నుంచీ చెప్పగలదు. పొరుగూళ్ల వాళ్లు కూడా పట్నం ఉత్తరాలు చదివించుకోవడానికి ఆమె గడపకే వచ్చేవాళ్లు. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వచ్చు. అందువల్ల కిటికీ దగ్గర ఒక్క తిట్టు కూడా వృథాగా పోకుండా అన్నీ అర్థమయ్యేవి. పెనిమిటి మల్లప్ప చెరకు బండి తోలేవాడు. ఆయన మంచివాడు, మాట తక్కువ.

చేరిన రోజున డాక్టరు ఆమెతో దాపరికం లేకుండా చెప్పాడు.

"చూడమ్మా, నువ్వూ పోతే ఇక నేను ఎవరినీ వెతకను. తాళం వేసి హైదరాబాదు పోతా. చీటీలు రాసి, మందులిచ్చి, కట్లు కట్టి, మళ్లీ తిట్లు కూడా తినడం ఒక్కడివల్ల అయ్యే పని కాదు."

"నా పేరు మీద తాళం పడదు సారు," అంది శరణమ్మ.

అన్నంత సులువు కాలేదు. మొదటి వారంలోనే ఒకడు కిటికీ చువ్వల మీద ఉమ్మి పోయాడు. ఆ తడి ఆమే తుడిచింది. ఇంటికి పోయి మల్లప్పకు చెప్పలేదు. చెబితే రేపటి నుంచి వద్దంటాడు. వద్దంటే దవాఖానకు తాళం. మళ్లీ పిల్లలకు జ్వరమొస్తే బీదరు దాకా మోసుకుపోవాలి.

రొట్టెలు కాలుస్తూ ఆలోచించింది. ఈ మనుషులే పెళ్లిలో ఎదురుపడితే "బాగున్నవా అక్కా" అంటారు. కిటికీ దగ్గర ఎందుకు అనరు? ఎవరో తెలియక. తెలియజేస్తే సరి.

మరునాడు మొగుడంపల్లి నుంచి వచ్చిన ఒకాయన, చీటీ ఆలస్యమైందని నోరు తెరిచాడు. శరణమ్మ కలం కింద పెట్టింది.

"తిట్టుదువు గాని నాయినా, ముందు మీరు ఎవ్వలింటోల్లు?"

ఆయన చెప్పక తప్పలేదు. మన దిక్కు ఇంటిపేరు అడిగితే చెప్పకపోవడం అమర్యాద. చెప్పాడు. ఆమె కళ్లు మూసుకొని, ఆ ఊరి పెళ్లిళ్లన్నీ ఒకసారి నెమరు వేసుకుంది.

"అయితే మీ పెద్దమ్మను మా పెద్దనాయినకు ఇచ్చిన్రు. నువ్వు నాకు తమ్మునివి. గిప్పుడు తిట్టు. అక్కను తిట్టు, వింట."

అక్కను అంతమంది ముందు ఎవడు తిడతాడు? ఆయన తువ్వాలతో మూతి తుడుచుకొని, "పెద్దమ్మ నిరుడే కాలం చేసిందక్కా," అన్నాడు. ఇద్దరూ కాసేపు పెద్దమ్మ మంచితనం మాట్లాడుకున్నారు.

అట్లా మొదలైంది. ఒకడు తమ్ముడయ్యాడు, ఒకడు చిన్నాయన అయ్యాడు. బీదరు లారీ డ్రైవరొకడు ఉర్దూలో అందుకుంటే, "మీ అమ్మ నన్ను చెల్లె అన్నది బేటా, నేను నీకు ఖాలాను, చిన్నమ్మను," అంది. వాడి తల్లిని ఆమె సంతలో ఒక్కసారే చూసింది, గాజుల బండి దగ్గర. ఆ ఒక్కసారి చాలింది. అన్నిటికన్నా గట్టి వరుస అల్లుడు. అత్త ముందు అల్లుడు గొంతెత్తడు, కాలు మీద కాలు వేసుకోడు. మరీ నోటి దురుసు మనుషులనందరినీ శరణమ్మ అల్లుళ్లను చేసేసింది. కిటికీ దగ్గర ఎంత నిమ్మళమంటే, పంక్చరు దుకాణంలో సుత్తి దెబ్బలు కూడా వినిపించేవి.

ఇట్లా సాగుతుండగా ఒక సంత రోజున అల్లం వ్యాపారి వీరన్న వచ్చాడు. ఒడ్డూ పొడుగూ మనిషి. అల్లం మూటలకు ధర కట్టేటప్పుడు ఆయన గొంతు సంతలో ఈ కొస నుంచి ఆ కొసకు వినబడుతుంది.

"డాక్టరును పిలువు," అన్నాడు.

"ఏం తక్లీఫ్?"

"నీకెందుకు? పిలువుమంటే పిలువు."

"జబ్బు జెప్పకుంటే చీటి రాసుడు ఎట్ల?"

వీరన్న కిటికీ చువ్వలు పట్టి ఊపాడు. "గోళీలు లెక్కవెట్టే ముండవు, నువ్వు నన్ను అడుగుతవా? నీ కిటికి పీకి రోడ్డు మీదేస్త. నిన్ను గూడ దాంతోనే ఏస్త."

లోపల డాక్టరు ఆ మాట విన్నాడు. బల్ల సొరుగు లాగి తాళంచెవి వెతుకుతున్న చప్పుడు శరణమ్మకు వినిపించింది. ఆమె తొందరలో అన్నిటికన్నా గట్టి ముడే వేసింది.

"నీ పెండ్లాం ఝరాసంగం గురులింగప్ప బిడ్డనే గద? గురులింగప్ప మా ఆయనకు అన్న అయితడు. నువ్వు నాకు అల్లునివి. అత్త ముందల గిదేం నోరు?"

వీరన్న నోరు మూతపడింది. శరణమ్మ ఊపిరి పీల్చుకుంది. అంతలో బెంచీ మీద దగ్గుతూ కూర్చున్న ముసలి గంగమ్మ దగ్గు ఆపి చెయ్యెత్తింది.

"తప్పు. అల్లుడెట్లయితడు? వీరన్న తల్లి మహాదేవమ్మ. మహాదేవమ్మ నీ తండ్రికి చిన్నాయన బిడ్డ. అంటే నీకు మేనత్త. మేనత్త కొడుకు బావ. పుట్టింటి వరుస ఉండంగ అత్తింటి వరుస ఎట్ల చెల్లుతది?"

లైనులో నిలబడ్డ వాళ్లంతా జబ్బులు మరిచిపోయారు. అల్లుడే అన్నవాళ్లు ఒకవైపు, బావే అన్నవాళ్లు ఒకవైపు. చలిజ్వరంతో వణుకుతున్న ఒకాయన దుప్పటి తీసి పక్కన పడేసి, గంగమ్మ తరఫున వాదించాడు. చివరికి బావే అని తేలింది.

వీరన్న మీసం దువ్వాడు. "విన్నరు గద అందరు. నేను బావను. మరదలిని ఎన్నన్న అంట. నన్నడిగేటోడెవడు?"

శరణమ్మ కుర్చీ వెనక్కి జరిపి లేచింది. తల మీద కొంగు సర్దుకుంది.

"మంచిది బావా. మరి మరదలి నోటికి తాళమెవడేసిండు?"

అంటూనే ఎత్తుకుంది. పెళ్లిళ్లలో మగపెళ్లివారిని ఆటపట్టించే పాటలకు న్యాల్‌కల్ నుంచి కోహీరు దాకా ఆమెకు సాటి లేదు. మూడు పందిళ్లలో వియ్యంకులు నవ్వలేక విస్తరి ముందు నుంచి లేచిపోయిన చరిత్ర ఆమెది.

"అల్లమమ్మే బావకు ఘాటెక్కడే, ఓ యక్క
మూటల్ల లేదమ్మ, నోట్లున్నదే, ఓ యక్క
కోడికన్న ముందు కూసె మా బావ, ఓ యక్క
నా కొలువు పోయెనని కోడేడ్చెనే, ఓ యక్క"

ఆడవాళ్లంతా "ఓ యక్క" అందుకున్నారు. గంగమ్మ తాళం వేసింది. పంక్చరు దుకాణంలో పని ఆగిపోయింది. వీరన్న తిట్టడానికి నోరు తెరుస్తాడు, "ఓ యక్క" వచ్చి పడుతుంది. మళ్లీ తెరుస్తాడు, మళ్లీ వచ్చి పడుతుంది.

ఆయన కూర్చోకుండా నిలబడ్డ తీరు మీద తర్వాతి చరణం నాలుక మీదికి వచ్చింది. అప్పుడు శరణమ్మ ఆయనను సరిగా చూసింది. ఎవరో జరిగి బెంచీ మీద చోటిచ్చినా ఆయన కూర్చోలేదు. కాళ్లు ఎడంగా పెట్టి, ఒక చెయ్యి గోడకు ఆనించి నిలబడ్డాడు. ధోతి వెనుక వదులుగా కట్టుకున్నాడు. ముఖం మీద చెమట. కూర్చోరాని చోట గడ్డ లేచింది. అది ఆడమనిషికి, ఇంతమంది ముందు, కిటికీ లోనుంచి ఎట్లా చెబుతాడు? ఆ చరణం గనక పాడితే బస్సు స్టాండు దాకా నవ్వేవాళ్లు. పాడే హక్కు కూడా ఉంది, మరదలు కదా.

శరణమ్మ దాన్ని మింగేసింది.

"ముసలోల్లకు బెంచి ఇడిసిపెట్టి నిలబడ్డవు బావా, గా గుణం మంచిదే," అంది అందరికీ వినపడేటట్టు. "రా లోపటికి. డాక్టరు సారు అల్లం బేరం జేస్తనన్నడు."

బేరానికి పోయేవాణ్ని లైనులో ఎవరు ఆపుతారు? వీరన్న ఆమె ముఖంలోకి చూశాడు. చూసి, తల దించుకొని లోపలికి పోయాడు. తాళంచెవి చేతిలో పట్టుకొని నిలబడ్డ డాక్టరుకు ఏ అల్లమో అర్థం కాలేదు. శరణమ్మ తలుపు చాటున ఒక్క మాట చెప్పాక, తాళంచెవి జేబులో వేసుకొని కత్తి వేడినీళ్లలో పెట్టాడు.

బల్ల మీద బోర్లా పడుకున్న వీరన్న దిండులోకి మాట్లాడాడు. "సారు, మీరు తాళమేసి పోతరని సంతల అంటున్నరు. పోవద్దు. గా కిటికికాడ నా మరదలుంటది. ఆమె మీద ఎవడు నోరు జేసిండో నాకు జెప్పున్రి."

"ఇంతసేపు చేసింది నువ్వే కదయ్యా?"

"నేను బావను సారు. గది వేరే లెక్క."

డాక్టరు పోలేదు. రోడ్డు మీదికి ట్రాక్టర్ల ఫ్యాక్టరీ వచ్చినాక కూడా ఆ దవాఖాన నడిచింది. శరణమ్మ మాత్రం ఆ రోజు నుంచి ఒక పద్ధతి మార్చింది. గట్టిగా అరిచేవాళ్లను కిటికీ దగ్గర జబ్బు అడగడం మానేసి, పక్కకు తీసుకుపోయి చెవిలో అడిగేది. కొందరికి మూలశంక, కొందరికి బిడ్డ దక్కదేమోనని భయం. ఏమీ లేక ఊరికే అరిచేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు వరుస కలిపేది.

ఎండాకాలం రాగానే ఆ చుట్టాలందరి ఇళ్ల నుంచీ పెళ్లి పిలుపులు కిటికీ లోకి వచ్చి పడ్డాయి. మాట తక్కువ మల్లప్పకు కూడా మాట్లాడక తప్పలేదు.

"నువ్వు నౌకరి జేస్తున్నవా, తాలూకంత బలగం జమ జేస్తున్నవా? ఎన్ని పెండ్లిండ్లకని బండి గట్టాలె?"

"ఎడ్లకు జర దాణ ఎక్కువెయ్యి," అంది శరణమ్మ, కొత్త చీర మడత విప్పుతూ. "రేపు మొగుడంపల్లి. ఎల్లుండి ఏ ఊరో పొద్దుగాల జెప్త."