రెండో డిస్కు పక్కన పెట్టిన మేడమ్

మా మేడమ్ పోయారని పోయిన వారం మదనపల్లె నుంచి ఫోన్ వచ్చింది. పుంగనూరులోని నా షాపులో అప్పుడు ఒక సర్వర్‌కి లైనక్స్ సిస్టమ్ ఎక్కించబోతున్నాను. ఫోన్ పెట్టేశాక చేయి కీబోర్డు మీదికి పోలేదు. ఆ పని నాకు నేర్పింది ఆమే.

తొంభైల చివర్లో ఆమె మదనపల్లెలో కంప్యూటర్ క్లాసులు చెప్పేవారు. స్క్రీన్ మీద ఏ ప్రశ్న వచ్చినా రెండు చేతులూ వెనక్కి తీసుకుని, దాన్ని పైకి చదివాకే కీ నొక్కేవారు. మేం నవ్వుకునేవాళ్లం. "మిషన్ అడిగితే జవాబు చెప్పండమ్మా. అడక్కుండా పని చేసుకుంటా పోతాంటే మాత్రం భయపడండి" అనేవారు.

ఆ మాట నాకు కుప్పంలో అర్థమైంది. ఒక రోజు పొద్దున అక్కడి ఆసుపత్రిలో సర్వర్ మొరాయించింది. మొదటి డిస్కులోని సిస్టమ్ పాడైంది. రోగుల వివరాలు, ఎవరికి ఏ మందు పడదో సహా, రెండో డిస్కులో ఉన్నాయి. వేరే కాపీ లేదు. మేడమ్ నన్ను వెంటబెట్టుకుని, తన కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టుకుని బస్సెక్కారు.

మేం వెళ్లేసరికి వరండా నిండా జనం. పెద్ద డాక్టరు గారు మా వెనకే నిలబడ్డారు.

"సీడీ యేసి ఆటోమేటిక్ అని కొట్టేస్తే అదే ఎక్కేస్తాది కదా మేడమ్? ఇంకా యాల ఆలస్యం?"

"ఎక్కేస్తాది సార్. ఎక్కే ముందు ఉండే డిస్కులన్నీ తుడిచేస్తాది. రెండో దాంట్లో మీ పేషెంట్లు ఉండారు."

మేడమ్ సర్వర్ పెట్టె విప్పి రెండో డిస్కు ఊడదీసి నా చేతిలో పెట్టారు. "పట్టుకో. కింద పెట్టొద్దు." అప్పుడు లైనక్స్ సీడీ వేసి, ఒక్కో ప్రశ్నా చదువుతూ మొదటి డిస్కు మీద మొదలుపెట్టారు. సగంలో సీడీ డ్రైవు గరగరమని ఆగిపోయింది. పాత సిస్టమ్ తుడిచిపెట్టుకుపోయింది, కొత్తది రాలేదు. మళ్లీ వేసినా అక్కడే ఆగింది.

"ఇప్పుడేం చేస్తారు?" డాక్టరు గారి గొంతు పెరిగింది. డిస్కు జారుతుందేమోనని గుండెకు అదుముకున్నాను.

మేడమ్ దుప్పటి విప్పారు. లైనక్స్ మొత్తం ఆమె కంప్యూటర్లోనూ ఉంది. రెండు మిషన్లకూ వైరు కలిపి, సర్వర్‌ను ఫ్లాపీతో లేపి, తన దాంట్లోంచి ఫైళ్లు లాక్కునేలా పెట్టారు. ఫైళ్ల పేర్లు ఒక్కొక్కటే కదులుతుండగా కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంటూ అరవసాగింది. అది ఎంతసేపు మోస్తుందో ఎవరికీ తెలియదు. యూపీఎస్ అరుస్తుండగానే పని ముగిసింది.

మేడమ్ సర్వర్ ఆపి, నా చేతిలోని డిస్కు తీసుకుని బిగించి, మళ్లీ లేపారు. స్క్రీన్ చాలాసేపు నల్లగా ఉండిపోయింది. తర్వాత రోగుల పేర్లు వచ్చాయి.

నర్సు వంగి చూసి, వరండాలోకి మొదటి పేరు పిలిచింది. బైరెడ్డిపల్లె నుంచి వచ్చిన ఒక ముసలామె "ఉండాను తల్లీ, ఈడే ఉండాను" అంటూ గోడ పట్టుకుని లేచింది.

డాక్టరు గారు టీ తెప్పించారు. మేడమ్ గ్లాసు అందుకోలేదు. రెండు చేతులూ చీర కొంగు కింద దాచుకుని కూర్చున్నారు. కొంగు అంచు సన్నగా వణుకుతూనే ఉంది.